నామినేషన్ వేసే ముందు పెదనాన్న మాట

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు సర్పంచ్‌గా నిలబడతానన్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ సంతోషంలో మీ పెద్దమ్మకి అదే మాట రెండుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఓటరు లిస్టులో పేరు, ఇంటిపేరు సరిచూసుకో. 21 ఏళ్లు నిండిన రుజువు, డిపాజిట్ రసీదు దగ్గర పెట్టుకో. అవి నీకు తెలిసినవే.

నా టెన్షనంతా ఒడియా గురించి. మన ఒడిశా పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడేవాళ్లకి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. నువ్వు ఒడియా గడగడా మాట్లాడతావు, కానీ వాట్సాప్‌లో దాన్ని కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతావు. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న ఒడియా నీకు కష్టమా?

కోప్పడుతున్నానని అనుకోకు. ఇది నీకెవరూ చెప్పి ఉండరు. నేనూ ఒకసారి సర్పంచ్‌గా నిలబడ్డాను. నాకప్పుడు 26 ఏళ్లు. ఊళ్లో తెలుగు ఇళ్లే ఎక్కువ కాబట్టి నా గెలుపు ఖాయమన్నారు. నామినేషన్ల పరిశీలన రోజు అధికారి ఒడియా కాగితం ఒకటి చేతికిచ్చి చదవమన్నాడు. ఒక్క ముక్క చదవలేకపోయాను. నా నామినేషన్ కొట్టేశారు.

అక్కడితో ఆగితే సిగ్గు నా ఒక్కడిదే. కాశీనగర్‌లో బస్సు దిగి, టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లందరికీ "తెలుగువాడినని కొట్టేశారు" అన్నాను. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. ఒడియా వీధిలో నా స్నేహితుడి నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. మనవాళ్లు ఆ గడప తొక్కడం మానేశారు. ఏడాది తిరక్కుండానే కొట్టు మూసి పర్లాకిమిడి వెళ్లిపోయారు. బండికి సామాన్లు ఎక్కిస్తుంటే వెళ్లాను. "మూడేళ్ల నుంచీ అక్షరాలు నేర్పుతా రమ్మంటున్నాను. ఒక్కరోజైనా వచ్చావా?" అన్నాడు వాడు. జవాబు లేకపోయింది. ఆ నిబంధన మనలాంటివాళ్లకి న్యాయమేనా అని నిలదీయొచ్చు, కోర్టుకీ వెళ్లొచ్చు. నేను మాత్రం చదవడం రాలేదని ఒప్పుకోలేక అబద్ధం ఆడాను.

అందుకే చెబుతున్నాను, "మనం తెలుగువాళ్లం" అని ఓటు అడక్కు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చిన ఊళ్లు మనవి. ఇప్పటికీ మనవాళ్లు ఓటు ఇక్కడ వేసి, కబుర్లు శ్రీకాకుళంవి చెప్పుకుంటారు. అమరావతి మీద అర్ధరాత్రి దాకా వాదిస్తారు, ఊరి సమస్యలు మాట్లాడుకునే పల్లిసభకి రమ్మంటే పదిమంది రారు. నాకు ఒళ్లు మండుతుంది. 1996లో పి.వి. నరసింహారావు గారు మన ఒడిశాలోని బరంపురం ఎంపీగా గెలిచారు. ఒక్క తెలుగు ఓట్లతోనే అయ్యే పనా అది?

ప్రచారంలో ఎవరో ఒకరు కావాలనే "నేరడి బ్యారేజీ విషయంలో నువ్వు ఆంధ్రా వైపా, ఒడిశా వైపా?" అని అడుగుతారు. తడబడకు. వంశధార నది మీద ఆ బ్యారేజీ గురించి జల వివాదాల ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది, అది రెండు ప్రభుత్వాల పని. మన గట్టున ఏ పొలం కోసుకుపోతోందో, ఎవరికి పరిహారం రావాలో అది చెప్పు.

తెలుగు టీచరు కావాలని అడగడానికి మాత్రం మొహమాటపడకు. ప్రాథమిక బడిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతోంది. అర్జీ ఒడియాలో నువ్వే రాయి. సవర వాడల పిల్లల కోసం కూడా అడుగు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడు. ఎండలో ఒక్కదానివే తిరగకు, తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లు. నీళ్ల సీసా మర్చిపోకు తల్లీ.

రోజూ రాత్రి 8 గంటలకి ఫోన్ చేసి ఒడియా పేపర్లో ఒక వార్త పైకి చదివి వినిపించు. తప్పులు నేను పడతాను. పదేళ్ల తర్వాత పర్లాకిమిడి వెళ్లి ఆ స్నేహితుడి దగ్గరే నేర్చుకున్నానులే. వాడు చేత్తో రాసిచ్చిన అక్షరాల నోట్‌బుక్ మీ నాన్నతో పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, జాగ్రత్తగా తిప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న