ఆడిటర్ గారికి శాలువా ఎందుకు కప్పారు?

ప్రశ్న: నేను ఒక రైస్ మిల్లులో 26 ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ మొదటి సంవత్సరం. జూలై 1న మా మిల్లు లెక్కలు చూసే ఆడిటర్ గారికి సన్మానం జరిగితే నాతోపాటు వచ్చింది. వృత్తికీ ఊరికీ చేసిన సేవకు అని చెప్పి ఆయనకు శాలువా కప్పారు. అప్పటి నుంచి సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) తప్ప ఇంకేమీ చదవనంటోంది. లెక్కలు రాసుకునేవాళ్లకు గౌరవం ఏముంటుంది, ఇప్పుడైనా ఎంపీసీలోకి మార్చమని బంధువులు అంటున్నారు. నా పేరు మిల్లు గేటు దాటి ఎవరికీ తెలియదు, కాబట్టి వాళ్ల మాట కొట్టిపారేయలేకపోతున్నాను. ఈ వృత్తిలో అమ్మాయికి నిజంగా గౌరవం ఉంటుందా? ఆ చదువు మేం మోయగలమా? ఆయన బోర్డు మీద ఎఫ్‌సీఏ అని ఉంది, అదీ బిరుదేనా అని అమ్మాయి అడగమంది. (ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ నచ్చింది మీ అమ్మాయి చూపు. సన్మాన సభకు వెళ్లిన పిల్లలు సాధారణంగా దండలు, ఫొటోలు, భోజనాలు చూసి వస్తారు. మీ అమ్మాయి ఆయనకు శాలువా ఎందుకు కప్పారో విని వచ్చింది. ఆ కారణం ఆమెకు పూర్తిగా అర్థమైతే చదువు గురించి సగం టెన్షన్ మీకు తగ్గుతుంది. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమల్లోకి వచ్చింది. మన రాజ్యాంగం అమల్లోకి రావడానికి ఇంకా ఆరు నెలలకు పైగా ఉండగానే ఈ వృత్తికి ఒక చట్టం, ఐసీఏఐ అనే ఒక ఇన్‌స్టిట్యూట్ వచ్చేశాయి. ఏటా ఆ రోజున దాని బ్రాంచీలు సీఏ దినోత్సవం జరిపి, పెద్దవాళ్లను పిలిచి గౌరవిస్తాయి. ఇన్‌స్టిట్యూట్ చిహ్నం మీద కఠోపనిషత్తు మాట ఒకటి ఉంటుంది: 'య ఏష సుప్తేషు జాగర్తి'. అందరూ నిద్రపోతుంటే మేలుకొని ఉండేవాడు అని అర్థం. మార్చి నెలాఖరులో మిల్లు ఆఫీసులో అర్ధరాత్రి దాకా చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (లెడ్జర్) ముందేసుకుని కూర్చున్న మీకు ఆ మాట నేను వివరించక్కర్లేదు.

మీ ఆడిటర్ గారు ఏ సేవ చేశారో నాకు తెలియదు. నాకు తెలిసిన ఒకాయన సంగతి చెబుతాను. మా ఊళ్లో తల్లిదండ్రులు లేని పిల్లల హాస్టల్ ఒకటి ఉంది. ట్రస్టు నడుపుతుంది. దాతలు ఇచ్చే డబ్బుకు పన్ను మినహాయింపు నిలబడాలంటే ట్రస్టుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, గడువులోగా ఆడిట్ రిపోర్టు వేయాలి, రిటర్ను దాఖలు చేయాలి. ఒక ఏడాది అవి తప్పితే పిల్లల బియ్యం డబ్బు పన్ను కింద పోయే ప్రమాదం ఉంది. ఆయన ఏళ్లుగా ఆ పనంతా ఫీజు లేకుండా చేస్తున్నారు. ఒకసారి ఒక దాత లక్ష ఇచ్చి మూడు లక్షలకు రసీదు అడిగాడు. హాస్టల్ వాళ్లకు ఆ లక్ష చాలా అవసరం. ఈయన కుదరదన్నారు. ఆ డబ్బు రాలేదు, ఆ నెల హాస్టల్‌కు కష్టమైంది, కొన్నాళ్లు వాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. రెండేళ్ల తర్వాత పన్నుల శాఖ నుంచి నోటీసు వస్తే, ప్రతి రసీదుకూ బ్యాంకు ఎంట్రీ తీసి చూపించగలిగారు. ఈ రోజుకీ ఆ హాస్టల్ నడుస్తోంది.

డాక్టర్ ఉచిత వైద్య శిబిరం పెడితే ఊరంతా చూస్తుంది. అకౌంటెంట్ సేవ అలా బయటికి కనిపించదు. ఆయన ఆపిన తప్పుకు సాక్షులు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లూ అప్పటికి కోపంగా ఉంటారు. కాబట్టి పాతికేళ్లో ముప్పై ఏళ్లో గడిచాక తోటి వృత్తివాళ్లు, ఊరి పెద్దలు కలిసి ఆయన చేసింది మాకు తెలుసని నలుగురిలో చెప్పడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. అది చెప్పకపోతే మీ అమ్మాయి వయసు పిల్లలకు ఈ వృత్తిలో ఇలాంటి మనుషులున్నారని తెలిసే దారే లేదు. పైగా సీఏలు ప్రకటనలిచ్చి క్లయింట్లను రప్పించుకోవడం, కొన్ని సడలింపులున్నా, వాళ్ల చట్టం ప్రకారం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. పేరు మనుషుల నోటి ద్వారానే పాకాలి.

బంధువులు 'లెక్కలు రాసుకునేవాళ్లు' అంటున్నారు కదా. మీ మిల్లుకు స్టాకు మీద బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు మేనేజరు ఏం చూస్తాడో వాళ్లకు ఒకసారి చెప్పండి. యజమాని మాట చూడడు, బ్యాలెన్స్ షీటు కింద ఆడిటర్ సంతకం చూస్తాడు. 2019 నుంచి ఆ సంతకంతో పాటు అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ నంబరు కూడా తప్పనిసరి. ఆ నంబరు కొట్టి, ఆ పత్రం నిజంగా ఆ సీఏ ఇచ్చిందో కాదో బ్యాంకు సరిచూసుకోవచ్చు. మిల్లు యజమానిని ఎన్నడూ చూడని మనిషి అంత డబ్బు అప్పుగా ఇస్తున్నాడంటే ఆ సంతకం మీద నమ్మకంతోనే.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో మన హైదరాబాద్ చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరంతో రూ.7,000 కోట్లకు పైగా లెక్కల మోసం బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పది మందిలో ఇద్దరు ఆ కంపెనీ ఆడిట్ చూసినవారు. తర్వాత అప్పీలులో శిక్షల అమలు ఆగింది. ఇదే కథలో ఇంకో సీఏ కూడా ఉన్నారు. మునిగిపోతున్న కంపెనీని నిలబెట్టడానికి ప్రభుత్వం వేసిన బోర్డులో చెన్నైకి చెందిన టి.ఎన్. మనోహరన్ ఒకరు. అంతకు ముందు ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షుడిగా చేసినవారు. కొన్ని నెలల్లోనే కంపెనీకి కొత్త యాజమాన్యం వచ్చింది, వేల మంది ఉద్యోగుల జీతాలు నిలబడ్డాయి. 2010లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అందరూ రాసి పాసైంది ఒకే పరీక్ష. సీఏ కాగానే గౌరవం దానంతటదే రాదని, ఆ సంతకం ఎక్కడ పెట్టారు, ఎక్కడ పెట్టనన్నారు అన్న దాన్ని బట్టి వస్తుందని మీ అమ్మాయికి ఇప్పుడే తెలియడం మంచిది.

ఆడపిల్ల కాబట్టి ఇంకొకరి గురించి తప్పకుండా చెప్పండి. ఆర్. శివభోగం అని మద్రాసు ఆవిడ. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి వచ్చి, 1933లో అప్పటి అకౌంటెన్సీ డిప్లొమా పాసై, దేశంలో మొదటి మహిళా అకౌంటెంట్ అయ్యారు. జైలుకు వెళ్లినవాళ్లు ప్రాక్టీసుకు పనికిరారని అడ్డు చెబితే కోర్టుకు వెళ్లి గెలిచి, 1937లో సొంతంగా ఆఫీసు తెరిచారు. 1955 నుంచి 1958 దాకా ఇన్‌స్టిట్యూట్ దక్షిణ ప్రాంత మండలికి ఛైర్మన్‌గా ఉన్నారు. మన తెలుగు బ్రాంచీలు ఈనాటికీ ఆ మండలి కిందే ఉన్నాయి. సీఏ చివరి పరీక్ష ఫైనల్ మొదటి ప్రయత్నంలోనే పాసైన అమ్మాయిల్లో ఉత్తమురాలికి బహుమతి ఇవ్వమని 1956లో తన డబ్బు ఇచ్చారు. తాను నడిచిన దారిలో తర్వాత వచ్చేవాళ్లకు దీపం పెట్టడం అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

ఇక ఎఫ్‌సీఏ. అది సన్మానం కాదు. ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం రాగానే ఏసీఏ (అసోసియేట్) అంటారు. వరుసగా ఐదేళ్లు ప్రాక్టీసు చేసి దరఖాస్తు పెట్టుకుంటే ఎఫ్‌సీఏ (ఫెలో) అవుతారు. అనుభవానికి గుర్తు, అంతే. కెనడాలో వేరు. అక్కడ పేరు పక్కన ఎఫ్‌సీపీఏ అని రావాలంటే ఆ రాష్ట్ర సంస్థ ఎంపిక చేయాలి. వృత్తికి విశేషంగా సేవ చేసినవాళ్లకో, తమ పనితో వృత్తికి పేరు తెచ్చినవాళ్లకో మాత్రమే ఆ గౌరవం ఇస్తారు. టొరంటోలో స్థిరపడిన మనవాళ్ల పేర్ల పక్కన ఆ అక్షరాలు కనిపిస్తే అవి అడిగి తెచ్చుకున్నవి కావని అర్థం.

ఇప్పుడు చదువు సంగతి. దారి కష్టమైనదే, దాచను. ఇంటర్ పాసయ్యాక ఫౌండేషన్ రాయాలి. నాలుగు పేపర్లు: అకౌంటింగ్, బిజినెస్ లా, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్. ఒక్కో పేపరులో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. 2024 జూన్‌లో రాసినవాళ్లలో పాసైంది దాదాపు 15 శాతమే. తర్వాత సీఏ ఇంటర్మీడియట్ ఆరు పేపర్లు, రెండు గ్రూపులు. అవి పాసయ్యాక ఒక సీఏ దగ్గర రెండేళ్ల ఆర్టికల్‌షిప్, అంటే ఆఫీసులో పని నేర్చుకునే శిక్షణ. ఇంతకు ముందు మూడేళ్లుండేది, కొత్త విధానంలో తగ్గించారు. చివరగా ఫైనల్ ఆరు పేపర్లు. ఎక్కడా తప్పకుండా వెళ్తే ఇంటర్ తర్వాత నాలుగేళ్లలోపు పూర్తవుతుంది. మీరు మాత్రం ఇంట్లో ఐదారేళ్లని లెక్క వేసుకోండి. ఒక గ్రూపు తప్పడం ఈ చదువులో మామూలు విషయం. తప్పిన రోజు ఇంట్లో ఎవరూ ముఖం మాడ్చుకోకూడదు, బంధువులకు ఫోన్లో వివరాలు చెప్పుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

ఖర్చు విషయంలో ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే ఫీజులు ఇంజనీరింగ్ ఫీజులతో పోలిస్తే చాలా తక్కువ. అసలు ఖర్చు కోచింగ్, హాస్టల్. ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఆన్‌లైన్‌లో ఉచితంగా క్లాసులు చెబుతారు, స్టడీ మెటీరియల్ కూడా వాళ్లదే మూలం. పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులున్నాయి. లక్షలు పోసి విజయవాడ పంపే ముందు రెండు నెలలు ఆ క్లాసులు వినమనండి. ఆర్టికల్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుంది కానీ చాలా ఊళ్లలో అది హాస్టల్ ఖర్చుకు కూడా చాలదు. దాన్ని జీతంగా లెక్కేయకండి. బీకాం పక్కన పెట్టొద్దు, దూరవిద్యలోనైనా చేయించండి. మధ్యలో ఆగిపోవాల్సి వచ్చినా సీఏ ఇంటర్మీడియట్ పాసై బీకాం ఉన్నవాళ్లకు అకౌంట్స్ ఉద్యోగాలు దొరుకుతాయి. సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఉంది, రాష్ట్ర ఆడిట్ శాఖ ఉద్యోగాలకు పోటీ పరీక్షలున్నాయి.

పరీక్ష తెలుగులో ఉండదు, ఇంగ్లీషు లేదా హిందీ. లెక్కల్లో మెరిసే మన పిల్లలు లా పేపరులో వాక్యం రాయలేక పోవడం ఎన్నోసార్లు చూశాను. ఇవాళ్టి నుంచి రోజుకో పేజీ ఇంగ్లీషు చదివి, అర్థమైంది సొంత మాటల్లో రాయమనండి. చిన్న ఊరని బెంగ వద్దు. 2024 నవంబరు ఫైనల్‌లో దేశంలో మొదటి ర్యాంకును ఇద్దరు పంచుకున్నారు, ఒకరిది హైదరాబాద్, ఇంకొకరిది తిరుపతి.

ఆర్టికల్‌షిప్‌కు ఆఫీసు వెతికేటప్పుడు పెద్ద పేరు కోసమే చూడకండి. ట్రస్టులు, సహకార సంఘాలు, చిన్న వ్యాపారాలు, బ్యాంకు బ్రాంచీల ఆడిట్ అన్నీ చేసే ఆఫీసు అయితే మేలు. ఏప్రిల్ మొదటి వారాల్లో బ్యాంకు ఆడిట్‌కు పల్లెల్లోని బ్రాంచీలకు వెళ్తే పంట అప్పు రైతుకు ఎలా వెళ్తుంది, డ్వాక్రా సంఘం పుస్తకంలో పొదుపు ఎలా ఎక్కుతుంది, ఎక్కడ పొరపాటు జరిగితే ఎవరి ఖాతా ఆగిపోతుంది అన్నవి కళ్లారా చూస్తుంది. సేవ చేయాలని మీ అమ్మాయికి ఉంటే, అది రిటైరయ్యాక మొదలుపెట్టే పని కాదు. ఏదైనా మహిళా సంఘం పుస్తకాలు సరిగ్గా రాయడం వాళ్లకు ఆదివారాలు నేర్పవచ్చు. అది ఫౌండేషన్ చదివే పిల్లకు కూడా చేతనవుతుంది.

మీ గురించి ఒక్క మాట. మీ పేరు గేటు దాటలేదని రాశారు. 26 ఏళ్లుగా ఆ ఆడిటర్ గారు సంతకం పెట్టింది మీరు రాసిన పుస్తకాల ఆధారంతోనే. మీ ఓచర్లు వరసగా లేకపోతే, మీ రోజు నిల్వ తేలకపోతే ఆయన సంతకానికి కాళ్లుండవు. మీ అమ్మాయి లెక్కల మీద ఇష్టం ఆ సభలో పుట్టిందని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం మీ ఇంట్లోనే పుట్టిందనిపిస్తోంది.

గ్రూపు మార్చే ముందు ఒక పని చేయండి. ఈ దసరా సెలవుల్లో యజమానిని అడిగి, అయిపోయిన పాత సంవత్సరం చిట్టా ఒకటి ఇంటికి తీసుకురండి. ఒక నెల ఎంట్రీలు ఆమెతో ఆవర్జాలోకి ఎక్కించి, రెండు వైపుల మొత్తాలు సరిపోయాయో లేదో చూసే ట్రయల్ బ్యాలెన్స్ తీయమనండి. మొదటిసారి తేలదు. మీరు తప్పు చూపించొద్దు. నాలుగు వందల తేడా కోసం ఎంతసేపు కూర్చుంటుందో, విసుగొచ్చి ఎక్కడో ఒకచోట అంకె దిద్దేస్తుందో, మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ ఆ పుస్తకం తెరుస్తుందో గమనించండి. తర్వాత ఇద్దరూ కలిసి ఆడిటర్ గారిని కలవండి. సన్మానం రోజు ఆయన చుట్టూ జనం ఉండి ఉంటారు, మామూలు రోజు సాయంత్రం వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. ఎప్పుడైనా సంతకం పెట్టనని చెప్పారా అని అమ్మాయినే అడగమనండి. ఆయన ఏం చెప్పారో నాకు రాయండి.