స్టాంపుల మీద కాచిగూడ స్టేషన్ ఉందా?

ప్రశ్న: నమస్తే సార్, మాది బర్కత్‌పుర. మా అబ్బాయికి రైళ్ల స్టాంపుల పిచ్చి. పాత స్టేషన్ బిల్డింగుల మీద కూడా స్టాంపులు వచ్చాయంటున్నారు, నిజమేనా? మన కాచిగూడ ఉందా? పాత కవర్ల మీదున్నవి నానబెట్టి తీయొచ్చా?

జవాబు: నిజమేనమ్మా. 2009 ఏప్రిల్ 16న తపాలా శాఖ హౌరా, చెన్నై సెంట్రల్, ముంబై సీఎస్‌టీ (ఇప్పటి సీఎస్‌ఎంటీ), పాత ఢిల్లీ స్టేషన్ల మీద నాలుగు స్టాంపులు తెచ్చింది. 1853లో ముంబైలోని బోరీబందర్ నుంచి ఠాణేకు మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది కూడా ఏప్రిల్ 16నే.

బాబును ముంబై స్టాంపుతో మొదలుపెట్టమనండి. ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ ప్లానుతో 1878లో మొదలైన ఆ బిల్డింగుకి పదేళ్లు పట్టింది, 2004లో యునెస్కో జాబితాకెక్కింది. మన హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఆగేది అక్కడే కాబట్టి ఎప్పుడైనా వెళ్తే గుమ్మటం మీద దివిటీ పట్టుకుని నిలబడ్డ స్త్రీ విగ్రహాన్ని తప్పకుండా చూపించండి.

ఆ నాలుగింటిలో కాచిగూడ లేదు, నాకైతే అది పెద్ద లోటే. 1916లో నిజాం హయాంలో కట్టిన స్టేషన్ అది, నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నవి, మినార్లు, పరదా పాటించే ఆడవాళ్లకు అప్పట్లో విడిగా ఏర్పాట్లు. మీకు పక్కనే కదా, ఓ ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లి బొమ్మ గీయమనండి.

ఇంకొకటి, మాక్సిమమ్ కార్డ్ అని ఉంటుంది. స్టేషన్ ఫొటో ఉన్న పోస్టుకార్డు కొని, బొమ్మ వైపే అదే స్టేషన్ స్టాంపు అంటించి, ఆ ఊరి పోస్టాఫీసులో ముద్ర వేయించాలి. బొమ్మ, స్టాంపు, ముద్ర మూడూ ఒకే చోటివి కావాలి, పిల్లలకు ఇంతకన్నా మంచి పని లేదు!

నానబెట్టడానికి ముందు ముద్ర చూడండి. ఊరు, తేదీ స్పష్టంగా ఉంటే కవర్‌తోనే ఉంచేయండి, విలువ అందులోనే ఉంది. లేకపోతే స్టాంపు చుట్టూ కాగితం కత్తిరించి చల్లటి నీళ్లలో వేయండి, జిగురు కరిగి అదే జారి వస్తుంది, గోటితో లాగొద్దు. రంగు కవర్లు మాత్రం విడిగా వేయాలి, రంగు దిగి పక్కవాటికి అంటుతుంది.

2009 నాటివి స్టాంపుల వ్యాపారుల దగ్గర వెతకాలి. కొత్తవాటికైతే ఆబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలీ బ్యూరోలో (స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉన్న విభాగం) కనీసం 200 రూపాయలతో డిపాజిట్ అకౌంట్ తెరవండి, వచ్చినవి వచ్చినట్టు ఇంటికే పంపిస్తారు.