ఉత్తర ధ్రువం దగ్గరి చెట్లు లేని చలి మైదానాల్లో, అంటే టండ్రా నేలలో అంత కార్బన్ ఉంటే, మన నల్గొండ చెల్కల్లో ఎందుకు ఉండదు?

చలికీ తడికీ అక్కడ ఆకూ అలమూ సరిగా కుళ్లవు, మన ఎర్ర చెల్కల్లో వేడికి త్వరగా కుళ్లిపోతాయి, తేడా అదే.

చచ్చిన మొక్కలను సూక్ష్మజీవులు తిన్నప్పుడు వాటిలోని కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది. ఆ పని చురుగ్గా సాగాలంటే వెచ్చదనం, ఆక్సిజన్ కావాలి. గడ్డకట్టిన నేలలో మొదటిది ఉండదు, నీళ్లు నిలిచి, సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలల్లో రెండోది అందదు. అలా వేల ఏళ్లుగా పేరుకుని, శాశ్వతంగా గడ్డకట్టిన ప్రాంతాల నేలల్లో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ చేరింది. ఇది వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు! ఇప్పుడు ఆ నేల కరుగుతోంది. ఆరిన చోట కార్బన్ డయాక్సైడ్, నీళ్లు నిలిచిన చోట మీథేన్ కూడా వస్తాయి. టెన్షన్ పడాల్సిన విషయమే ఇది.

మహబూబ్‌నగర్ వైపు ఎండాకాలంలో చెల్కకు పెంట తోలితే, కొన్ని పంటలకే దాని బలం తగ్గి మళ్లీ తోలాల్సి వస్తుంది. వేడి నేలలో కుళ్లడం అంత వేగం.

వేడి పెరిగితే టండ్రాలో మొక్కలు బాగా పెరిగి ఆ కార్బన్‌నంతా పీల్చుకుంటాయని చాలామంది అనుకుంటారు. కొంత పీల్చుకుంటాయి, నిజమే. కానీ అవి పెరిగేది వేసవిలో కొద్ది నెలలే. నేల నుంచి విడుదల మాత్రం చలికాలంలోనూ సాగుతుంది.