అల్లుడికి, ట్యాంకు పాకురు గురించి

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అల్లుడా,

నీ ఉప్పునీళ్ల చేపల, పగడాల ట్యాంకు ఫొటోలు రాత్రి మీ అత్త, నేను కలిసి చూసినం. రాళ్ల మీద రెండు వేళ్ల పొడుగు పచ్చ జుట్టు, ఇసుక మీద గోధుమ రంగు పొర. పైసలన్నీ నీళ్లల్ల పోసినవని మీ అమ్మ అంటున్నదంట. అననియ్యి. నా ట్యాంకు గూడ మొదటి ఏడాది గట్లనే ఉండె. మీ అత్త దాన్ని "కుంట" అనేది. ఇప్పుడు పగడాలు పెరిగినా కుంటనే అంటది.

ఏం మందు వెయ్యాలె మామా అని అడిగినవు. మందు సంగతి తర్వాత. పొలాలకు యూరియా చల్లినంక గట్టి వాన పడితే కుంట ఎట్ల పచ్చగ అయితదో నువ్వు చూసినోనివే. పాచిని గంపలతోని ఎత్తిపోసినా, పొలం నుంచి పారేది ఆగేదాక మళ్ల మళ్ల వస్తనే ఉంటది. నీ ట్యాంకుకు పొలం ఎటుదిక్కు ఉన్నదో ముందు అది వెతుకు.

నాకు మొదటి అనుమానం నీళ్ల మీదనే. ఇన్నేండ్లు వాటర్ ప్లాంట్ నడిపినోన్ని, ఒక నిజం చెప్త విను: నా ప్లాంట్ క్యాన్ నీళ్లు నేనే నా ట్యాంకుల పొయ్య. తాగే నీళ్లు వేరు, రీఫ్ నీళ్లు, అంటే పగడాల ట్యాంకు నీళ్లు వేరు. తాగే నీళ్లల్ల రుచి కోసం టీడీఎస్, అంటే లీటరుల కరిగున్న ఉప్పుల మిల్లీగ్రాముల లెక్క, 60, 80 ఉండేటట్టు మేమే కలుపుతం. పాలమూరు ఎండకు నీ 200 లీటర్ల ట్యాంకుల రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతయనుకో. ఆవిరయ్యేది ఒట్టి నీరే, అందులున్నది ఏదీ పైకి పోదు. 80 టీడీఎస్ నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు పోస్తే 320 మిల్లీగ్రాములు, నెల తిరిగేసరికి పది గ్రాముల దాక లోపల పేరుకుంటది. అందుల పాకురుకు తిండయ్యే నైట్రేట్ ఎంతో, సిలికా ఎంతో ఎవరికెరుక? మన బోర్లల్ల ఎరువుల నైట్రేట్ గూడ ఉంటది, రాయి సిలికా గూడ ఉంటది.

నల్లగొండ నీళ్లు అనంగనే అందరు ఫ్లోరైడ్ అంటరు. దాని బాధ మన మనుషులది, పాకురుకు దాంతోని పనిలేదు. సముద్రపు నీళ్లల్లనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాక ఫ్లోరైడ్ ఉంటది. తాగే నీళ్లకు మన దేశంల పెట్టిన ఆఖరు హద్దు 1.5. పగడాలు పుట్టిందే అసొంటి నీళ్లల్ల.

అందుకని ఆర్వో తర్వాత, మిగిలిన ఉప్పులను గూడ గుంజే డీఐ రెజిన్ గొట్టం ఒకటి బిగించు. మీటర్ పెడితే సున్నా చూపాలె. ఇంకో కిటుకు యాద్‌పెట్టుకో: రెజిన్ అయిపోయేటప్పుడు ముందుగాల జారిపోయేది సిలికానే, దాన్ని టీడీఎస్ మీటర్ పట్టదు. సున్నా ఉన్నది గద అని కూసోకు, రంగు మారే రెజిన్ కొని మూడొంతులు మారంగనే తీసెయ్. ఇసుక మీద గోధుమ పొర సిలికా తోని పెరిగే డయాటమ్ పాకురు అయితే సగం రోగం గిక్కడనే పోతది. కొత్త ట్యాంకుల మొదటి రెండు మూడు నెలలు అది ఎట్లైనా వస్తది, పోతది. దానికి పరేషాన్ కాకు.

రెండోది తిండి. గడ్డకట్టిన మైసిస్ (చిన్న రొయ్యల అసొంటి మేత) ముక్కను నువ్వు నేరుగా నీళ్లల్ల ఏస్తున్నవు, వీడియోల చూసిన. టీ జాలిల పెట్టి ఆర్వో నీళ్లతోని కడిగి ఏస్తే ఆ రసం బయటనే పోతది. మూడు చేపలకు రోజుకు రెండు ముక్కలు ఎందుకు? పెండ్లి పెట్టినవా?

నీళ్లు పరీక్ష చేసే కిట్టుల నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా వస్తున్నది, మరి పాకురు ఎట్ల పెరుగుతున్నదని రాసినవు. దావత్ అయినంక గంజులు ఖాళీగ ఉన్నయంటే వండలేదని కాదు గద, తిన్నోళ్లు మస్తుగున్నరని. వచ్చింది వచ్చినట్టు పాకురు తాగేస్తున్నది, కిట్టుకు మిగలుతలేదు. పైగ నువ్వు కొన్నది డ్రై రాక్. ఎండిన రాళ్లల్ల పాత ఫాస్ఫేట్ ఉంటే నెలల తరబడి ఊరుతనే ఉంటది.

గిక్కడ నేను చేసిన తప్పు చెప్పాలె. ఫాస్ఫేట్ గుంజే ఎర్ర ఐరన్ మీడియా చెప్పిన కొలతకు రెండింతలు ఏసిన. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ నిజంగనే సున్నాకు పోయినయి. పచ్చ జుట్టు పోయింది, నేను మీసం మెలేసిన. మూడు వారాలకు చీమిడి లెక్క గోధుమ తీగలు, వాటికి బుడగలు. పొద్దున తక్కువ, లైట్ పడ్డకొద్ది ఎక్కువ. నత్తలన్ని వెల్లకిల పడిపోయినయి. అవి డైనోఫ్లాజెలేట్లు, ఒంటికణం సూక్ష్మజీవులు. పోటీకి వేరే ఏదీ లేకుంటే గవి రాజ్యమేలుతయి. పాకురుతోని రెండు నెలలు కొట్లాడినోన్ని, వాటితోని ఎనిమిది నెలలు కొట్లాడిన. చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్ నేనే కావాలని పెంచుకోవాల్సి వచ్చింది. కాబట్టి సున్నా మీద మోజు పడకు. లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 నడుమ ఉంటే చాలు.

నీ గోధుమ పొర గూడ అదేనా అనేది ఇంట్లనే చూడొచ్చు. కొంచెం సీసాల గుంజి గట్టిగ ఊపి, కాఫీ ఫిల్టర్ కాయితంల వడగట్టు. వడిసిన నీళ్లు లైట్ కింద గంటసేపు పెట్టు. మళ్ల తీగలు తీగలుగ ముద్దకడితే డైనోలే. అట్లైతే కింద రాసినయి ఏవీ చెయ్యకు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

జుట్టు మాత్రం చేత్తోనే తియ్యాలె, వేరే దారి లేదు. ఊడొచ్చే రాళ్లు బయటికి తీసి, ట్యాంకు నుంచి తీసిన పాత ఉప్పునీళ్ల బకెట్ల పెట్టి టూత్ బ్రష్‌తోని రుద్దు. ట్యాంకు లోపల రుద్దితే ముక్కలు పోయి మూలమూలకు అంటుకుంటయి. కదలని రాళ్లకు పైపుతోని గుంజుకుంట పీకు. వారానికి ఒకసారి, 20 లీటర్ల నీళ్లు మార్చేటప్పుడే చెయ్యి. లైట్ పది గంటల నుంచి ఏడుకు తగ్గించు, తెలుపు, ఎరుపు రంగులు తగ్గించి నీలం ఉంచు. కిటికీల నుంచి పొద్దటి ఎండ పడుతున్నది, పరదా ఎయ్యి.

పొట్టిగ గొరిగినంకనే నత్తలు. పొడుగు జుట్టును అవి ముట్టవు. టర్బో నత్తలు బాగ తింటయి గానీ పడితే లేవలేవు, రాళ్లను గూడ దొర్లిస్తయి. ట్రోకస్ నత్త అయితే తనంతట తనే తిరగబడుతది. ఐదారు చాలు, పాకురు అయిపోయినంక ఎక్కువున్నయి ఆకలికి సస్తయి, సచ్చినయి మళ్ల పాకురుకే ఎరువు. పాకురు తినే టాంగ్ చేపను తెమ్మని దుకాణపోడు చెప్తడు. నీ మూడడుగుల ట్యాంకు దానికి జైలు.

ఆకు ఈక లెక్క రెండు దిక్కుల చీలి ఉంటే అది జుట్టు కాదు, బ్రయాప్సిస్ అనే వేరే పాకురు. దానికి ఒక మందు పనిచేస్తది: మెడికల్ షాపుల దొరికే ఫ్లూకోనజోల్. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు, ఫిల్టర్ల కార్బన్ తీసేసి రెండు మూడు వారాలు. నీ ఫొటోల ఈకలు కనపడలే గానీ దగ్గరి నుంచి ఇంకోటి తీసి పంపు.

మీ నాయిన చెప్పిండంట, చెరువుల లెక్క చిటికెడు మైలుతుత్తం ఏస్తే పోతదని. ఆయన చెప్పింది చేపల చెరువుకు సరే. ట్యాంకుల ఏసినవంటే పాకురు కన్న ముందు నత్తలు, రొయ్యలు, పగడాలు పోతయి. ఆ రాగి రాళ్లల్ల, ఇసుకల ఇంకి తర్వాత తెచ్చిన వాటిని గూడ ఇడువదు. ఆ పొట్లం ఇంట్ల ఉంటే బాయి కాడికి పంపెయ్.

సంప్‌ల, అంటే ట్యాంకుకు జోడించిన ఫిల్టర్ తొట్టిల, ఒక అర ఖాళీగ ఉన్నదన్నవు. అందుల కీటోమార్ఫా పెంచు. కీటో డైట్ కాదు, ఉలెన్ దారం ముద్ద లెక్క ఉండే నాచు. రాత్రి పూట దానికి చిన్న లైట్ పెట్టు. పాకురు తినేది ఇది తింటది. మరి పెరిగినంక పిడికెడు తీసి పారేస్తనే లెక్క, లోపలనే ఉంచితే ఏం బయటికి పోనట్టే.

ఒక్కసారే అన్నీ చెయ్యకు. ఈ వారం డీఐ, తిండి. వచ్చే వారం గొరుగుడు, లైట్. రెండు వారాలకొకసారి ఒకే దిక్కు నుంచి ఫొటో తీసి పెట్టుకో, రోజూ చూస్తే ఏం మారినట్టు అనిపియ్యది. దసరా నాటికి తేడా కనపడుతది.

మీ అమ్మ వచ్చే శుక్రవారం ఇక్కడికి వస్తున్నది గద. నా సంప్‌ల నుంచి కీటో ముద్ద ఒకటి మూత డబ్బాల పెట్టి ఇస్త. బస్సుల ఎండ తగలకుండ ఒడిల పెట్టుకొమ్మని నువ్వే చెప్పు, నేను చెప్తే మళ్ల పైసల ముచ్చట ఎత్తుతది. వచ్చేటప్పుడు ఆమెతోని నీ ఆర్వో నీళ్లు ఒక సీసా, ట్యాంకు నీళ్లు ఒక సీసా పంపియ్యి. రెంటి మీద పేర్లు రాయి.

మీ మామ