ఎదురుగా ఎవరూ లేని పడవ

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. చిక్కడపల్లిలో ఉంటాం. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మూడేళ్లుగా హుస్సేన్‌సాగర్‌లో రోయింగ్ చేస్తున్నాను. కాలేజీలో చేరాక కూడా పోటీలకు వెళ్లాలనీ, యూనివర్సిటీ జట్టులో చోటు తెచ్చుకోవాలనీ ఆశ. కానీ నాలుగు నెలలుగా తెల్లవారుజామున లేవబుద్ధి కావడం లేదు. ఎర్గోమీటర్ (ఒడ్డునే తెడ్డు సాధన చేసే యంత్రం) మీద 2,000 మీటర్లకు జూన్‌లో 8 నిమిషాల 12 సెకన్లు పట్టేది, ఇప్పుడు 8 నిమిషాల 16 సెకన్లు పడుతోంది. ‘తెడ్డేస్తే సీటొస్తుందా?’ అంటారు నాన్న. రోయింగ్ చేసే అమ్మాయిలకు అమెరికా కాలేజీల్లో స్కాలర్‌షిప్‌లు ఇస్తారని అక్కడున్న మా పెద్దమ్మ కూతురు చెబుతోంది. నాతో డబుల్ స్కల్స్ (ఇద్దరు కలిసి నడిపే పడవ) చేసిన స్నేహితురాలు జులైలో రెసిడెన్షియల్ కాలేజీకి మారిపోయింది. నాకు బద్ధకం పట్టుకుందా? మానేయనా? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: అమ్మా, మూడు పేజీల నీ ఉత్తరంలో సగానికి పైగా ఎర్గోమీటర్ అంకెలే ఉన్నాయి. స్నేహితురాలు వెళ్లిపోయిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేసి, దాని కింద ‘సింగిల్‌లో కూర్చుంటే ఎదురుగా ఎవరూ ఉండరు’ అని రాసి, మళ్లీ కొట్టేశావు. నీ ప్రశ్నకు జవాబు ఆ కొట్టివేతలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

డబుల్‌లో వెనక సీటు నీది కాబట్టి, ఆ అమ్మాయి జడ ఊగే లయను చూసే తెడ్డును నీళ్లలో దించేదానివని వేరేచోట నువ్వే రాశావు. మూడేళ్లపాటు నీ ఊపిరి, నీ మోకాళ్లు, నీ మణికట్లు ఇంకొకరి కదలికకు అలవాటు పడ్డాక, ఆ మనిషి ఒక్కసారిగా కనబడకుండా పోతే శరీరం మొరాయించడంలో వింత లేదు. దాన్ని బద్ధకం అనడానికి నాకు మనసొప్పదు. అది బెంగ. బెంగ పెట్టుకున్న మనిషిని గడియారం చూపించి అదిలిస్తే ఇంకా ముడుచుకుపోతుంది.

ఇక ఆ అంకెల మాట. నువ్వు వెనకబడింది 500 మీటర్లకు ఒక్క సెకను. రాత్రి పన్నెండుకు పడుకుని నాలుగున్నరకు లేస్తున్నానని రాశావు, నీ వయసు వారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అందులో సగంతో నెట్టుకొస్తూ వేగం పెరగలేదని నిన్ను నువ్వు నిందించుకోవడం న్యాయం కాదు. ఈ వారంలోనే అమ్మను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ, దాని మొదటి గుర్తు ఇలాంటి నీరసమే. తిండి, నిద్ర, చదువు అన్నింటి మీదా రెండు వారాలకు మించి విరక్తిగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు.

దత్తు భోకనాల్ పేరు నీకు తెలిసే ఉంటుంది. 2012లో సైన్యంలో చేరిన తరువాతే తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచినవాడు. 2018 ఆసియా క్రీడల్లో ఆయన సింగిల్స్ ఫైనల్‌లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ మర్నాడే స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురి పడవలో స్వర్ణం గెలిచాడు. అంతటివాడికీ ఒంటరి పడవలో దక్కనిది తోడున్న పడవలో దక్కింది. కాబట్టి రేపే మీ కోచ్‌ను కలిసి, కొన్నాళ్లు నిన్ను సింగిల్‌లో కాక ఎవరో ఒక జూనియర్‌తో డబుల్‌లో గానీ, నలుగురి పడవలో గానీ కూర్చోబెట్టమని అడుగు. ఎందుకో కూడా దాచకుండా చెప్పు.

కాలేజీ ఆశ విషయంలో నువ్వు అనవసరంగా తొందరపడుతున్నావు. యూనివర్సిటీ జట్లకు అనుబంధ కాలేజీల విద్యార్థుల నుంచే ఎంపికలు జరుగుతాయి కనుక, నువ్వు చేరే కాలేజీకి సొంత పడవ లేకపోయినా దారి మూసుకుపోదు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ రోయింగ్ ఉంది, 2023లో ఆ పోటీలు గోరఖ్‌పూర్‌లోని రామ్‌గఢ్ తాల్‌లో జరిగాయి. మీ అక్క చెప్పిందీ నిజమే. అమెరికా కాలేజీల్లో మహిళల రోయింగ్‌కు 1997 నుంచి అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే చాంపియన్‌షిప్ ఉంది, స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. అయితే అక్కడ ఎర్గోమీటర్ టైమింగ్‌తో పాటు మార్కులూ చూస్తారు. ఆ స్కాలర్‌షిప్ కోసమే తెడ్డు వేయడం మొదలుపెడితే ప్రతి ఉదయం పరీక్షలాగే ఉంటుంది. ఆ బరువు ఇప్పుడు నెత్తికెత్తుకోకు.

మీ నాన్నగారి మాటలో కటువుదనం ఉంది కానీ, అందులోని లెక్క తప్పు కాదు. మన ఇంజినీరింగ్ సీట్లలో క్రీడాకారుల కోటా అర శాతమే. దాన్ని నమ్ముకుని చదువు వదలవద్దన్నది ఆయన భయం. ఆ లెక్కను ముందు నువ్వే ఒప్పుకో. వారానికి మూడు ఉదయాలే సాగర్‌కు వెళ్తాననీ, మిగిలిన రోజులు ఆరింటి దాకా పడుకుంటాననీ, ఇంటర్ పరీక్షలకు నెల ముందు పూర్తిగా ఆపి ఈఏపీసెట్ రాశాక మళ్లీ మొదలుపెడతాననీ కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టు. మూడేళ్లలో ఆయన ఒక్కసారీ ఒడ్డుకు రాలేదన్నావు. అమ్మ స్కూటీ మీద దింపి వెళ్లేబదులు, ఒక ఆదివారం నాన్ననే దింపమని అడిగి చూడు.

మానేయాలా వద్దా అన్నది ఈఏపీసెట్ అయ్యాక తేల్చుకో. నిద్ర కుదిరి, పడవలో తోడు దొరికి, అప్పటికీ మనసు రాకపోతే మానేయి, అందులో తప్పేమీ లేదు. కానీ ఈ స్థితిలో మానేస్తే నువ్వు వదిలింది పడవనా, ఆ అమ్మాయి లేని లోటునా అన్నది నీకే తెలియకుండా పోతుంది.

జులై నుంచి మీరిద్దరూ మాట్లాడుకోలేదని రాశావు. తనే మొదట చేస్తుందని నువ్వు ఎదురుచూస్తున్నావు, అక్కడ తనూ అలాగే ఉండి ఉండవచ్చు. హాస్టల్లో ఆదివారం మాత్రమే ఫోన్ ఇస్తారంటున్నావు కదా, ఈ ఆదివారం నువ్వే చెయ్యి. పడవ సంగతి, టైమింగ్ సంగతి ముందే ఎత్తకు. తింటున్నావా, నిద్రపోతున్నావా అని అడుగు.