డెల్కో మూత తీసే ముందు

చి॥ అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్న అంబాసిడర్‌ను షెడ్డులోంచి బయటికి తీశావనీ, తెరుచుకుని మూసుకుంటూ ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తావనీ, దాన్లోనే అమ్మను శ్రీశైలం తీసుకెళ్తావనీ నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత మురిసిపోతూ చెప్పిందో! నాకూ గర్వంగానే ఉంది. కానీ రాత్రి రెండుసార్లు లేచి కూర్చున్నాను.

టైర్లు, బ్రేకులు, రేడియేటర్ పైపులు, ఫ్యాన్ బెల్టు ముందే చూపించుకో. అవి నీకు తెలిసినవే.

ఎలక్ట్రానిక్ వద్దనను. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు నిమిషానికి 6000 సార్లు తెరుచుకోవాలి. పాయింట్లను తోసే కామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి జారుతుంది, బండి లాగదు. ఎలక్ట్రానిక్‌లో ఆ అరుగుడు లేదు. కాకపోతే పాయింట్లు పాడయ్యే ముందు చాలాసార్లు నస పెట్టి చెప్తాయి. ఆ ఎలక్ట్రానిక్ డబ్బా చెప్పకుండా ఆగిపోతుంది, రోడ్డు మీద దాన్ని విప్పి చేసేదేమీ లేదు.

పాయింట్లతో నేను చేసిన తప్పు మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు కావలిలో ట్యాక్సీ తోలేవాణ్ణి. మీ అమ్మకు నెల్లూరులో టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్స్. బస్సులో పోతానంది. నా బండి ఉండగా బస్సేంటని నేనే పట్టుబట్టాను. ముందురోజు కొత్త పాయింట్లు వేశాను. గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి కరెక్టుగా చూశాను. మడమ అరక్కూడదని కామ్‌కి గ్రీజు పూశాను. బియ్యపు గింజంత చాలు దానికి. నేను వేలితో తీసి దట్టంగా పట్టించాను. చెల్లెలి పరీక్ష కదా, బండి బాగుండాలని!

మే నెల ఎండ. కోవూరు ఇంకా రాకముందే బండి దగ్గి, దగ్గి, ఆగిపోయింది. దగ్గిందంటే పెట్రోలే అనుకున్నాను. పంపు విప్పాను, కార్బరేటర్ విప్పాను, జెట్టు ఊదాను. పాయింట్లుండే డెల్కో, అదే డిస్ట్రిబ్యూటర్, వైపు చూడనే లేదు, నిన్ననే చేశాను కదా అని. మీ అమ్మ తుమ్మచెట్టు కింద హాల్ టికెట్ పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. బస్సులు ఆపకుండా పోతున్నాయి. చివరికి ఒక లారీ ఆగింది. క్లీనర్ పిల్లోడు, పదిహేనేళ్లుంటాయేమో, డెల్కో మూత తీసి చూశాడు. గ్రీజు కరిగి, కామ్ విసిరిన విసురుకి పాయింట్ల మీద పడి నల్లగా మాడింది. వాడు అగ్గిపెట్టె అట్ట చింపి పాయింట్ల మధ్య నాలుగుసార్లు లాగాడు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది.

పెన్న వంతెన దాటి సెంటర్‌కి వెళ్లేసరికి గేటు వేసేశారు. మరుసటేడు పెళ్లయింది, మళ్లీ రాయలేదు. మిషను కుట్టి నిన్ను ఇంజనీరింగ్ చదివించింది. ఆ గేటు నాకిప్పటికీ కలలోకొస్తుంది.

పాత ప్లేటు చెత్తలో వేస్తానన్నావట. వెయ్యొద్దు! పాయింట్లు, కండెన్సర్ బిగించి ఉన్న ప్లేటు అలాగే గుడ్డలో చుట్టి డ్యాష్ బోర్డులో పెట్టుకో. కొత్తదానికి ప్లగ్గులకు కరెంటు పెంచి పంపే కాయిల్ కూడా మారిస్తే పాత కాయిల్ డిక్కీలో ఉండాలి. తక్కువ రెసిస్టెన్స్ కాయిల్‌తో పాయింట్లు నడిపితే మాడిపోతాయి. బ్యాటరీలో ప్లస్సా మైనస్సా, ఏ కొస బాడీకి వెళ్లిందో చూసి వైర్లు పెట్టించు. తారుమారైతే ఆ డబ్బా అక్కడికక్కడే పోతుంది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో వదిలి పాటలు వినొద్దు. బయల్దేరే ముందు ఒకసారి ఇంటి దగ్గరే ఎలక్ట్రానిక్ తీసి పాయింట్లు నీ చేత్తో వేసి, స్టార్ట్ చేసి చూడు. మెకానిక్ వేసింది లెక్కలోకి రాదు.

పొదిలి, మార్కాపురం మీదుగా పో. దోర్నాల దాటితే అంతా నల్లమల అడవే. రాత్రిపూట అటవీ చెక్‌పోస్టు గేటు వేస్తారు. పొద్దున్నే బయల్దేరి, పగలే ఘాట్ ఎక్కు తల్లీ. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకో.

ఏ రోజు వెళ్తున్నారో చెప్పు. ముందురోజు వస్తాను. నా ఫీలర్ గేజ్ ఇంకా ఉంది, నూనె రాసి దాచాను. గ్రీజు మాత్రం నువ్వే పెట్టు, నేను పక్కన నిలబడి చూస్తాను.

మీ మామయ్య