మార్కెటింగ్ చదవాలనుకునేవారు ముందుగా ఏ పుస్తకం తెరవాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. నాన్న పత్తి రైతు. నల్గొండలో బీబీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను, మార్కెటింగ్‌లో ఎంబీఏ చేయాలని ఉంది. వ్యాపారం, మనస్తత్వశాస్త్రం, నలుగురు కలిసి నిర్ణయాలు తీసుకునే తీరు గురించి ఏ పుస్తకాలు చదవాలి? ఇంగ్లిష్ చదవడం నాకు నెమ్మదిగా సాగుతుంది. – ఒక విద్యార్థిని

జవాబు: చదువు నెమ్మదిగా సాగుతుందంటున్నారు కనుక పెద్ద జాబితా ఇవ్వను. ఫిలిప్ కోట్లర్ ‘మార్కెటింగ్ మేనేజ్‌మెంట్’ ఎంబీఏలో ఎలాగూ చదవాల్సి వస్తుంది, దాన్ని ఇప్పుడే ముందేసుకుని కూర్చోనక్కర్లేదు.

మీరు మొదట తెరవవలసింది ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన ‘డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్’. కొత్త వస్తువు ఒక ఊళ్లో ఎవరి నుంచి ఎవరికి ఎలా పాకుతుందన్నదే అందులోని విషయం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయం చేసుకునే రోజర్స్ తండ్రి సంకర మొక్కజొన్న విత్తనాన్ని ఏళ్ల తరబడి దగ్గరికి రానివ్వలేదు. 1936 కరువులో తన చేను వాడిపోయి, పక్క రైతు వేసిన సంకర పైరు నిలబడ్డాక గాని ఆయనకు నమ్మకం కుదరలేదు. అదే రాష్ట్రంలో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ 259 మంది రైతులను విచారించి 1943లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ విత్తనం సంగతి మొదట ఎక్కువ మంది చెవిన వేసింది విత్తనాలమ్మేవారే అయినా, వేద్దామని తేల్చుకోవడానికి ఇరుగుపొరుగు రైతుల మాటే ఎక్కువగా పనిచేసిందని తేలింది. పత్తి రైతు కూతురికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మనస్తత్వశాస్త్రంలో రాబర్ట్ చాల్దీనీ 1984 నాటి ‘ఇన్‌ఫ్లుయెన్స్’ తేలిగ్గా సాగుతుంది. చాలామంది దాన్ని అమ్మకపు చిట్కాల పుస్తకంగా చదువుతారు గాని, కొనేవాళ్లు మోసపోకుండా చూసుకోవడానికి కూడా రాసిన పుస్తకమది; మీరు కొనేవారి వైపు నుంచే చదవండి. డేనియల్ కానమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ బరువైనది, ఎంబీఏలో చేరాక చూడవచ్చు. అందులో ప్రైమింగ్ గురించి, అంటే ముందు చూసిన మాటో బొమ్మో మనకు తెలియకుండానే తర్వాతి నడతను మార్చడం గురించి, రాసిన భాగాన్ని మాత్రం నమ్ముకోకండి. కొద్దిమందితోనే చేసిన ప్రయోగాలపై అతిగా ఆధారపడ్డానని 2017లో ఆయనే ఒప్పుకున్నారు.

నలుగురి నిర్ణయాల గురించి ఇర్వింగ్ జానిస్ 1972లో రాసిన ‘విక్టిమ్స్ ఆఫ్ గ్రూప్‌థింక్’ చాలు. 1961లో క్యూబాపై బే ఆఫ్ పిగ్స్ దాడికి అమెరికా అధ్యక్షుడు కెనడీ సలహాదారులు, లోపల అనుమానాలున్నా పైకి చెప్పకుండా, ఎలా తలూపారో అందులో ఉంటుంది. రేపు మీరు పనిచేసే కంపెనీ సమావేశాల్లోనూ పెద్ద అధికారి ముందే మాట్లాడేస్తే మిగతావారు అదే పాట పాడతారు. అందరూ తమ అభిప్రాయాన్ని ముందుగా కాగితంపై రాసి, ఆ తర్వాత చర్చకు దిగడం దీనికి కొంత విరుగుడు.

రోజర్స్ పుస్తకం సగమయ్యాక, వానాకాలం సాగుకు ముందు, యజమాని అనుమతి తీసుకుని ఒక విత్తనాల దుకాణంలో పూటంతా కూర్చోండి. రైతు ఎవరిని వెంటబెట్టుకొచ్చాడు, గోడమీది పోస్టర్ వైపు చూశాడా, ‘మీ దిక్కు ఏం రకం పెట్టిండ్రు?’ అని పక్కనున్న రైతునే అడిగాడా, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేశాడా, చివరికి డబ్బు ఎవరు తీశారు – ఇవన్నీ పేర్లు లేకుండా రాసుకోండి. ఎంబీఏ ప్రవేశ ఇంటర్వ్యూలో మార్కెటింగే ఎందుకని అడిగితే ఆ నోట్సు నుంచే జవాబు చెప్పవచ్చు. రోజర్స్ పుస్తకం కొనాల్సి వస్తే 2003 నాటి ఐదో కూర్పు తీసుకోండి.